ఏ భాగము ఏ యంత్రముపై నున్నది?

శ్రోతలారా! నేడు మేము ఒక పటమును గూర్చి ప్రసంగింపదలచితిమి. రేడియోలో పటమును చూపుట సాధ్యము గాదు. కావున మీరొక కాగితమును, పెన్సిలును చెంత నుంచుకొన్నచో, మేము చెప్పుచుండగా మీరే ఆ పటమును గీయవచ్చును. నాలుగైదు గుర్తులకు మించి ఇందు లేవు. గీతలు కొంచెము వంకరపోయినను నష్టము లేదు. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలిసిన జాలును.

ఈ పటమునకు ఇంగ్లీషులో డిప్లాయ్‌మెంట్ డయాగ్రమ్ అని పేరు. డిప్లాయ్ అనగా సేనలను మోహరించుట. ఏ దళమును ఏ చోట నిలుపవలెనో సేనాపతి ముందుగనే పటముపై గుర్తించుకొనును గదా! అట్లే కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాయువారు తాము వ్రాసినదానిలో ఏ భాగమును ఏ యంత్రముపై నిలుపవలెనో ఈ పటముపై గుర్తింతురు. కావున మనము దీనిని మోహరింపు పటమని పిలుచుకొందము. సాఫ్ట్‌వేర్ ఉద్యోగములలో చేరిన పిల్లలు గల యిండ్లు నేడు తెలుగునాట అనేకములు కలవు. రాత్రివేళ ఫోను మ్రోగగానే ఆ పిల్లలు భోజనము మధ్యలో లేచుటయు, "క్రొత్త కోడును సర్వరుపై పెట్టుచున్నాము" అని చెప్పుటయు ఆ యింటివారికి అలవాటైన సంగతియే. ఆ పెట్టుట యనగా నేమి? అందు అంత ఆందోళన యేల? ఈ రెండు ప్రశ్నలకును మోహరింపు పటము సమాధానము చెప్పగలదు.

మొదట ఇంటిలోని వస్తువుతోనే ప్రారంభింతము. గ్రామఫోను పెట్టెను మీరెరుగుదురు. గాయకుడు పాడిన పాట యొకటి. ఆ పాట ముద్రింపబడిన రికార్డు వేరొకటి. ఆ రికార్డును త్రిప్పు పెట్టె మరియొకటి. "మా పెట్టెలో ఆ పాట ఉన్నది" అని మనము వాడుకగా అందుము. నిజమునకు పెట్టెలో పాట లేదు. పాట రికార్డులో నున్నది. రికార్డు పెట్టెపై నున్నది. ఈ సూక్ష్మభేదముతో మనకేమి పని యందురా? ఒకే పాట వేయి రికార్డులపై ఉండవచ్చును. ఒకే రికార్డుపై రెండు పాటలుండవచ్చును. ఎనిమిది యిండ్లలో ఎనిమిది పెట్టెలుండగా, ఏడింటిపై క్రొత్త రికార్డును, ఎనిమిదవదానిపై పాతదానిని ఉంచియుండవచ్చును. "అందరి యిండ్లలోను ఆ పాటయే" అని నమ్మి కూర్చున్నవానికి ఎనిమిదవ యింట ముల్లు దింపు వరకును అసలు సంగతి తెలియదు. ఈ ఎనిమిదవ పెట్టెను మరువకుడు. ప్రసంగము చివరకు మనము దీనియొద్దకే రావలసియున్నది.

కంప్యూటరు లోకములోను ఇట్టివే మూడు వస్తువులు గలవు. పాట వంటిది కాంపొనెంట్. అనగా ఒక నిర్ణీతమైన పనిని చేయు ప్రోగ్రాము భాగము. ధరలు లెక్కగట్టు భాగము, రశీదులు వ్రాయు భాగము, సొమ్ము జమకట్టు భాగము, ఇట్టివన్నియు కాంపొనెంట్లు. రికార్డు వంటిది ఆర్టిఫాక్ట్; అనగా ఆ భాగము నిజముగా ఇమిడియున్న ఫైలు. దీనిని ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు కాపీ చేయవచ్చును, తుడిచివేయవచ్చును, పాతదాని స్థానమున క్రొత్తదానిని ఉంచవచ్చును. పెట్టె వంటిది నోడ్. అనగా ఆ ఫైలును నడిపించు యంత్రము. కాంపొనెంట్ భావమునకు సంబంధించినది. ఆర్టిఫాక్ట్ చేతికి చిక్కునది. నోడ్ దానికి నిలువ నీడ యిచ్చునది.

ఈ గుర్తులను నిర్ణయించినవారెవరో చెప్పి ముందునకు సాగుదము. ఇల్లు కట్టువారికి ప్లాను ఉన్నట్లే ప్రోగ్రాములు కట్టువారికిని పటము లుండవలెనను తలంపు పాతదే. కాని 1990 దశకపు ప్రారంభమున ఒక్కొక్క పండితునిది ఒక్కొక్క గీతల భాషగా నుండెను. ఒకరి పటము మరియొకరికి చదువరాకుండెను. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జేకబ్‌సన్ అను మువ్వురు అమెరికాలోని రేషనల్ అను కంపెనీలో కలిసి, తమ తమ పద్ధతులను ఏకము చేసిరి. అట్లు పుట్టినదే యూనిఫైడ్ మాడలింగ్ లాంగ్వేజ్. దీనిని పొట్టిగా యు. ఎమ్. ఎల్. అందురు. 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అను సంస్థ దీనిని ప్రమాణముగా స్వీకరించెను. 2005లో దీని రెండవ రూపము వెలువడెను. 2017 డిసెంబరులో ఆ రెండవ రూపమునకే 2.5.1 అను సవరణ వచ్చినది.

మొదటి రూపములో కాంపొనెంట్ అనగా పాటయు, రికార్డును గూడ. కావున దానిని తిన్నగా నోడ్ లోపలనే గీయుచుండిరి. రెండవ రూపము ఈ రెంటిని విడదీసినది. పనిచేయు భాగము కాంపొనెంట్ గాను, దానిని మోయు ఫైలు ఆర్టిఫాక్ట్ గాను వేరుపడినవి. ఈ మార్పు నేర్చుకొనువారికి కొంత చిక్కును కలిగించిన మాట నిజమే. "ఒక్క గీతతో పోవుదానికి రెండు గీత లేల?" అని విసుగుకొనువారు నేటికిని కలరు. ఆ రెండవ గీత యేల కావలెనో కొంతసేపటికి విశదమగును.

ఇక పెన్సిలు చేతబట్టుడు. కాగితమునకు అడుగుభాగమున ఒక ఘనమును, అనగా పాచిక వంటి పెట్టెను గీయుడు. ఇదియే నోడ్. దాని ముఖముపై యంత్రము పేరు వ్రాయుడు. కాగితము నడుమ ఒక దీర్ఘచతురస్రమును గీసి, అందు «ఆర్టిఫాక్ట్» అని జంట కోణపు గుర్తుల నడుమ వ్రాసి, దాని క్రింద ఫైలు పేరు వ్రాయుడు. కాగితమునకు పైభాగమున మరియొక దీర్ఘచతురస్రమును గీసి «కాంపొనెంట్» అని వ్రాయుడు. ఇప్పుడు నడిమి దీర్ఘచతురస్రమునుండి పైదానికి, తెగి తెగియున్న గీతతో ఒక బాణమును గీసి, దానిపై «మానిఫెస్ట్» అని వ్రాయుడు. ఈ ఫైలులో ఆ భాగము మూర్తీభవించినదని దీని యర్థము. మరల ఆ నడిమిదానినుండియే క్రింది ఘనమునకు అట్టి బాణమునే గీసి «డిప్లాయ్» అని వ్రాయుడు. ఈ ఫైలును ఆ యంత్రముపై నిలిపినారని దీని యర్థము.

ఒక్క విషయమును గమనింపుడు. రెండు బాణములును నడిమిదానినుండియే బయలుదేరినవి. పైనున్న కాంపొనెంట్‌కును, క్రిందనున్న నోడ్‌కును మధ్య తిన్నని గీత యేదియు లేదు. ఫలానా యంత్రముపై ఫలానా భాగము ఉన్నదా యని యెవరైన నడిగినచో, ఈ రెండు బాణములను వరుసగా అనుసరించి సమాధానము చెప్పవలెను. యంత్రముపై ఏ ఫైలు నున్నది? ఆ ఫైలులో ఏ భాగములున్నవి? మోహరింపు పటములోని రహస్యమంతయు ఈ రెండు ప్రశ్నలలోనే యున్నది.

«డిప్లాయ్» బాణమునకు బదులుగా మరి రెండు పద్ధతులు గలవు. ఫైలు గుర్తును ఘనము లోపలనే గీయవచ్చును. లేదా ఘనముపై ఫైళ్ల పేర్లను జాబితాగా వ్రాయవచ్చును. మూడింటి యర్థము ఒకటియే. ఫైళ్లు కొద్దిగా నున్నపుడు లోపల గీయుట కంటికి ఇంపు; పదులకొలది యున్నపుడు జాబితాయే మేలు.

ఘనములలో ఘనములును ఉండవచ్చును. యంత్రము ఇనుప దేహము గలది. దానిని «డివైస్» అందురు. ఆ యంత్రము లోపల ప్రోగ్రాములను నడిపించు వాతావరణ మొకటి యుండును. ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ నడుపు వ్యవస్థ మొదలగునవి యట్టివి. వానిని ఎగ్జిక్యూషన్ ఎన్విరాన్‌మెంట్ అని గుర్తించి, డివైస్ ఘనము లోపల చిన్న ఘనముగా గీయుదురు. పెద్ద యింటిలో వంటగది వేరుగా నున్నట్లనుకొనుడు. రెండు యంత్రములు ఒకదానితో నొకటి సంభాషించుకొనుచున్నచో, ఆ రెండు ఘనములను తెగని గీతతో కలుపుదురు. ఇది రాకపోకల మార్గము. రేడియో కేంద్రమునకును, మీ యింటి రేడియోకును గల సంబంధము ఇట్టిదే. ఈ గీతను ఘనములకు మధ్యనే గీయవలెను. ఫైలునకును యంత్రమునకును మధ్య తెగని గీతను గీయుట క్రొత్తవారు తరచుగా చేయు పొరపాటు. రికార్డు పెట్టెతో సంభాషింపదు, పెట్టెపై నుండును.

చివరి గుర్తు యొకటి మిగిలినది. మన తార్కికులు జాతి, వ్యక్తి అని భేదము చెప్పుదురు. మామిడిచెట్టు అనునది జాతి. మీ పెరటిలోని మామిడిచెట్టు వ్యక్తి. మోహరింపు పటమునందును ఈ భేదము కలదు. "సర్వరు" అని ఒక ఘనమును గీసి, రాకపోకల గీత చివర 8 అను అంకె వేసినచో, ఇట్టి యంత్రములు ఎనిమిది గలవని యర్థము. ఇది జాతి పటము. అట్లుగాక ఎనిమిది ఘనములను వేరువేరుగా గీసి, ఒక్కొక్కదానికి దాని సొంత పేరును వ్రాసి, ఆ పేరు క్రింద గీత గీసినచో, అది వ్యక్తి పటము. మొదటిది ఉండవలసినదానిని చెప్పును. రెండవది ఉన్నదానిని చెప్పును.

ఈ భేదము తెలియకున్న ఏమి మునిగిపోవునని మీరడుగవచ్చును. అమెరికాలో 2012లో జరిగిన ఒక సంఘటనను విన్నవింతుము. ఆ దేశపు ప్రభుత్వ సంస్థయైన సెక్యూరిటీస్ అండ్ ఎక్స్‌ఛేంజ్ కమిషన్ దీనిని విచారించి 2013 అక్టోబరులో తన యుత్తర్వును ప్రకటించినది. అందలి విషయములనే చెప్పుచున్నాము.

నైట్ క్యాపిటల్ అనునది షేర్ల కొనుగోలు, అమ్మకములను యంత్రములతో నడుపు పెద్ద కంపెనీ. వచ్చిన ఆర్డరును చిన్న చిన్న ఆర్డరులుగా విడగొట్టి బజారులకు పంపు ప్రోగ్రాము ఎనిమిది సర్వరులపై నడుచుచుండెను. అందు పవర్ పెగ్ అను పాత భాగమొకటి యుండెను. 2003లో దాని వాడుక మానిరి. కాని కోడులోనుండి దానిని తీసివేయలేదు. పెద్ద యార్డరునకు సరిపడునన్ని షేర్లు వచ్చినవని లెక్కగట్టి, చిన్న ఆర్డరులను ఆపివేయు ఏర్పాటు మొదట దానియందుండెను. 2005లో ఆ లెక్కగట్టు పనిని ప్రోగ్రాములో మరియొక చోటికి మార్చిరి. అటుపిమ్మట పవర్ పెగ్ సరిగా పనిచేయునా యని పరీక్షింపలేదు. అనగా ఆపుట తెలియని భాగము తొమ్మిదేండ్లుగా నిద్రించుచుండెను.

2012 ఆగస్టు 1వ తేదీన న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజిలో చిల్లర మదుపరుల కొరకు ఒక క్రొత్త పథకము ప్రారంభము కావలసియుండెను. దానికొరకు నైట్ కంపెనీవారు క్రొత్త కోడును వ్రాసి, పవర్ పెగ్ స్థానమున నుంచదలచిరి. ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేలుకొలుపుటకు వాడిన సంకేతమునే ఈ క్రొత్త పనికిని కేటాయించిరి. జూలై 27 మొదలు కొన్ని దినములలో క్రొత్త కోడును సర్వరులపై నిలుపుచు వచ్చిరి. ఆ పని చేసిన ఉద్యోగి ఏడు సర్వరులపై దానిని కాపీ చేసెను, ఎనిమిదవదానిపై చేయలేదు. రెండవ మనిషి యెవరును సరిచూడలేదు. సరిచూడవలెనను వ్రాతపూర్వకమైన నియమమును ఆ కంపెనీలో లేకుండెను.

ఆగస్టు 1వ తేదీ ఉదయము బజారు తెరచినంతనే క్రొత్త సంకేతముతో ఆర్డరులు వచ్చినవి. ఏడు సర్వరులు వానిని సరిగనే గ్రహించెను. ఎనిమిదవదానిపై పవర్ పెగ్ మేల్కొనెను. 212 ఆర్డరుల కొరకు లక్షలకొలది చిన్న ఆర్డరులను ఎడతెగకుండ పంపుచునే యుండెను. సుమారు 45 నిమిషములలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు మించిన లావాదేవీలు, 39 కోట్ల 70 లక్షలకు మించిన షేర్లు చేతులు మారినవి. నష్టము 46 కోట్ల డాలరులకు పైబడెను. ఆ గందరగోళములో ఆ కంపెనీవారు తప్పు క్రొత్త కోడులో నున్నదని భావించి, సరిగా నిలిపిన ఏడు సర్వరులనుండియు దానిని తీసివేసిరి. దానితో ఆ ఏడింటిపైనను పవర్ పెగ్ మేల్కొనెను. ఒక్క చోట నున్న నిప్పు ఎనిమిది చోట్ల నంటుకొనెను. మరుసటి యేడు, అనగా 2013లో, ఆ కంపెనీ స్వతంత్రముగా నిలువజాలక గెట్కో అను మరియొక కంపెనీలో కలిసిపోయెను. ఆ యేటనే కమిషన్ దానికి ఒక కోటి 20 లక్షల డాలరుల జరిమానా విధించెను.

ఇప్పుడు మీ కాగితమును త్రిప్పి, వెనుకవైపున ఈ సంఘటనను గీయుడు. మొదట జాతి పటమును గీయుదము. ఒక్క ఘనము, దానియొద్ద 8 అను అంకె, లోపల క్రొత్త ఫైలు. చూచుటకు ఎంత చక్కగ నున్నది! తప్పు అణుమాత్రమును గానరాదు. ఇది ఉండవలసిన స్థితి మాత్రమే గదా! ఇక వ్యక్తి పటమును గీయుదము. ఎనిమిది ఘనములు, ఎనిమిది పేర్లు. ఒక్కొక్కదానిపై నిజముగా ఏ ఫైలు నున్నదో ఆ యంత్రమునే యడిగి వ్రాయవలెను. క్రొత్త ఫైలునుండి ఏడు బాణములు బయలుదేరును. ఎనిమిదవ ఘనము వద్దకు వచ్చునప్పటికి పెన్సిలు ఆగిపోవును. అచ్చట పాత ఫైలు పేరే వ్రాయవలసివచ్చును. ఆ ఒక్క గీత లోపించుటయే ఆనాటి ప్రమాదమంతయును.

ఇంతకుముందు మేము వాయిదా వేసిన ప్రశ్నకు, "రెండు గీత లేల?" అనుదానికి, సమాధానమిప్పుడు సులభము. పాత ఫైలునుండి పైకి గీయవలసిన «మానిఫెస్ట్» బాణములను గీసి చూడుడు. వానిలో నొకటి పవర్ పెగ్ వద్దకు పోవును. వాడుక మానితిమి గనుక లేనట్లేయని మనము తలంచిన భాగము, ఆ ఫైలులో మూర్తీభవించి యుండెనని ఆ బాణము చెప్పును. వాడుక మానుట వేరు, తీసివేయుట వేరు. పాడుట మానిన పాట రికార్డునుండి చెరగిపోదు. ముల్లు తగిలిన క్షణమున మరల మ్రోగును. «డిప్లాయ్» బాణమును, «మానిఫెస్ట్» బాణమును కలిపి చదివినవానికి, క్రొత్త ఫైలును తీసివేసినచో దాని క్రిందినుండి ఏ పాట పైకి వచ్చునో గూడ తెలియును. కాంపొనెంట్‌ను తిన్నగా ఘనములో గీసి ఊరకున్నచో ఈ రెండు సంగతులును మరుగుపడును.

పటము గీసినంతమాత్రమున ప్రమాదములు తొలగునని మేము చెప్పుటలేదు. గీసి గోడకు తగిలించి, యంత్రములతో సరిచూడని పటము పంచాంగము చూడక పెట్టిన ముహూర్తము వంటిది. ఎనిమిది సర్వరులను గీయుట కొన్ని నిమిషముల పని. ఎనిమిదివేల యంత్రములు గలవారు చేతితో గీయజాలరు. అట్టివారు ఏ యంత్రముపై ఏ ఫైలు ఏ రూపమున నున్నదో ప్రోగ్రాములచేతనే లెక్క తీయించి, ఉండవలసిన జాబితాతో పోల్పింతురు. సాధనము మారినను ప్రశ్న మారలేదు. ఉండవలసినదియు, ఉన్నదియు ఒకటియేనా? మోహరింపు పటము నేర్పునది ఈ ప్రశ్నను మరువకుండుట.

కావున ఈ పటమును గీయువారు మూడు నియమములను పాటించిన మేలు. మొదటిది, భాగమును యంత్రముపై తిన్నగా పెట్టక, నడుమ ఫైలును చూపవలెను. ఫైలు పేరుతోపాటు అది ఎన్నవ రూపమో వ్రాయవలెను. రెండవది, క్రొత్తదానిని నిలిపిన దినమున జాతి పటముతో తృప్తిపడక, యంత్రముల నొక్కొక్కదానిని పేరుపెట్టి లెక్కింపవలెను. మూడవది, గీసినవారు గాక మరియొకరు దానిని యంత్రములతో సరిచూడవలెను. మన యిండ్లలో పెండ్లికి వచ్చిన తాంబూలపు పళ్లెములను ఒకరు సర్ది, మరియొకరు లెక్కించుట లేదా? సర్దినవానికి తాను మరచినది కానరాదు, లెక్కించువానికి కానవచ్చును.

ఈసారి మీ పిల్లలు ఫోను మ్రోగగానే భోజనము మధ్యలో లేచినపుడు వారిపై కోపపడకుడు. తిరిగివచ్చిన పిమ్మట మాత్రము, "అన్ని యంత్రములపైనను పెట్టితివా? ఎనిమిదవదానిని చూచితివా?" అని అడుగుడు. ఈ మాట మీకెట్లు తెలిసినదని వారాశ్చర్యపడవచ్చును. నేడు మీరు గీసిన కాగితమును వారికి చూపుడు. ఇక సెలవు.